యజమాని ఫల్గుణ

మా కంపెనీకి ఒక మాయరోగం ఉంది. ఏడాదికోసారి వైజాగ్ నుంచి ఎవరో ఒకరు వచ్చి మాకు జ్ఞానబోధ చేసి పోతారు. ఆ ఏడు వచ్చిన మేడం, "మీరెవరూ ఉద్యోగులు కారు, అందరూ యజమానులే. కంపెనీ లోపలే మీ సొంత వ్యాపారం మొదలుపెట్టండి, పెట్టుబడి మాది" అంది. నా పేరు సోములు. సాలూరు వాణ్ణి, అరకులో ఈ కాఫీ కంపెనీ వ్యాను తోలుతాను. వెనక కూర్చుని నవ్వుకున్నాను. యజమానినట! బండి టైరు మార్చాలంటే నాకు మూడు సంతకాలు కావాలి.

ఫల్గుణ మాత్రం నవ్వలేదు. అతనిది పనసపుట్టు, కొండ మీద ఊరు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఫీల్డ్ అసిస్టెంటు. ఆ చుట్టుపక్కల అతను తిరగని కాఫీ తోట లేదు, అయినా ప్రతి ఏడూ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఎవరి వ్యాపారం నిలబడితే వాళ్ళని పర్మినెంటు చేస్తామని మేడం చెప్పిందో లేదో, లేచి నిలబడ్డాడు.

"మేడం, కాఫీ పళ్ళు రాని నెలల్లో మన షెడ్డు ఖాళీగా ఉంటాది. మా ఊళ్ళో సామలు పండుతాయి. సంతలో షావుకార్లు నోటికొచ్చిన రేటుకి పట్టుకుపోతన్నారు. మనమే కొని, దంచి, పేకెట్లు కడితే?"

అబద్ధమెందుకు, బంగారం లాంటి ఆలోచన. అందరూ చప్పట్లు కొట్టారు. 'యజమాని' అని రాసిన కార్డొకటి మెళ్ళో వేశారు. అతని మాట మీద పనసపుట్టు పనసపుట్టంతా పంట ఇస్తామంది.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ కొండల్లో కొత్త పండగ కాకుండా కొత్త గింజ ముట్టరు. ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు సామలు తెచ్చి, అందరివీ ఒకే కుండలో పోసి వండి, ఊరి దేవత జాకరమ్మ తల్లికి పెట్టాకే ఎవరైనా తినేదీ అమ్మేదీ. ఆ ఏడు ఊళ్ళో ఒక చావు జరగడంతో పండగ వాయిదా పడింది. కంపెనీకి మాత్రం పదో తారీకున సరుకు చూడ్డానికి వైజాగ్ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. ఫల్గుణ మా మేనేజరు లక్ష్మీప్రసాద్ గారి దగ్గరికి పోయి నా ముందే బతిమాలాడు.

"పదో తారీకు మీద ఇంకో పదిహేను రోజులు ఆగండి సార్. పండగవగానే లోడంతా నేనే తెస్తాను."

"నన్నడుగుతావేంటయ్యా? యజమానివి నువ్వు. పదో తారీకుకి సరుకు లేకపోతే పథకం పోతుంది, నీ పర్మినెంటూ పోతుంది. నీ ఇష్టం."

చూశారా న్యాయం! గడువు పెట్టడానికి వాళ్ళు, నెత్తిన వేసుకోవడానికి యజమాని. నాకు ఒళ్ళు మండింది గానీ, నా మాట వినేదెవరు?

తిరిగి వస్తుంటే దారిలో ఫల్గుణ అన్నాడు: "ఊరోళ్ళ పంట ముట్టను సోములన్నా. నా సేను నాది కదా. ఒక్క గింజ నోట్లో ఏసుకోను, ఇంట్లో వండను. తిననప్పుడు తప్పేటి?"

నేను కింది ఊళ్ళవాణ్ణి, నాకేం తెలుసు? "ఏదోటి బేగి తేల్సు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అతని తల్లి కనక కొడవలి ముట్టనంది. గట్టు మీద కూర్చుని ఏడ్చింది. "ఉద్యోగం పర్మినెంటవుతాదమ్మా" అన్నాడు. ఆమె లేచి ఇంటిదారి పట్టింది, అతనొక్కడే కోశాడు. నూర్చి, ఎండబెట్టిన నాలుగు బస్తాలు, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా నా వ్యానెక్కాయి. ఒక్కరూ అడ్డం రాలేదు, ఒక్కరూ పలకరించనూ లేదు.

పదో తారీకున పెద్దవాళ్ళు వచ్చి బస్తాల పక్కన ఫొటోలు దిగారు. సామన్నం వండించుకుని తిని, భేషన్నారు. పది రోజులకల్లా ఉత్తరం: ఈ ఏడు దృష్టంతా కాఫీ మీదేనట, కొత్త పథకాలన్నీ ఆపేశారట. పర్మినెంటు సంగతేంటని అడిగితే, "పథకమే లేదు కదయ్యా" అన్నారు లక్ష్మీప్రసాద్ గారు. ఫల్గుణ ఆ ఉత్తరాన్ని ఫోనులో నాలుగుసార్లు చదువుకున్నాడు.

పండగ నాడు, "పక్కనుండు అన్నా" అని నన్నూ తీసుకెళ్ళాడు. కుండ దగ్గర ఊరి పెద్ద గాసి కూర్చున్నాడు. ఫల్గుణకి సొంత పెదనాన్న. కనక ఉతికిన చీర కట్టుకుని చేటలో గుప్పెడు సామలు తెచ్చింది. గాసి కుండ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు కనకా. మీ పంట ఎంగిలైపోనాది. తల్లికి పెట్టకముందే ఎవుళో తినేసినారు. అది ఇందులో పడితే ఊరందరికీ తప్పు."

"నా సేను కదా పెదనాన్నా!" అన్నాడు ఫల్గుణ.

"సేను నీదేరా. కుండ అందరిదీ."

కోపంగా అనలేదు. ముసలాయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి. వచ్చే కొత్త పండగ దాకా ఆ ఇంటికి ఎవరూ సాయానికి వెళ్ళరు, ఆ ఇంటివాళ్ళని ఎవరూ పిలవరు. అది అక్కడి కట్టుబాటు.

కనక చేట పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. కొడుకుని దులిపేస్తుందనుకున్నాను. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"పోనీలేరా. ఏడాదే కదా, ఓర్సుకుందాం. ఉద్యోగం పర్మినెంటయిందా?"

ఈ వెధవ ఇంకా తల్లికి చెప్పలేదు! నా వంక చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

"అయిందమ్మా."

"అయితే సాలు."

ఆమె కళ్ళు తుడుచుకుని, కుండ దగ్గర్నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళకి ఎదురు వెళ్ళింది. "మా గుంటడికి ఉద్యోగం పర్మినెంటయిపోనాది" అని ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ ఆగడం లేదు. ఆమె చెబుతూనే ఉంది.