వైరు పీకేసిన ఐదో బిన్ను

ఈ సంగతి మా సూర్యాపేటలో అప్పుడే రకరకాలుగా తిరుగుతోంది. కంప్యూటర్‌లో అమ్మవారు పలికిందని ఒకరు, నాకు పూనకం వచ్చిందని ఇంకొకరు. అది ఇంకా పెరగకముందే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. గ్రంథాలయంలో కూర్చుని కంప్యూటర్ విద్య సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. దేనికైనా కారణం ఉంటుందనే చదివాను.

మిర్యాలగూడలో లక్ష్మయ్య సేటు రైసుమిల్లుంది. ధాన్యం నిలవచేసే ఇనుప బిన్నులు అక్కడ ఐదు. తడి ధాన్యం లోలోపల వేడెక్కుతుంది. ఆ వేడిని చూపే ప్రోగ్రాం ఆగిపోయిందని నన్ను పిలిచారు. ఎవరైనా ఉచితంగా తీసుకోగల ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. బొమ్మలూ బటన్లూ ఉండవు. కమాండ్ టైపు చేస్తే అక్షరాల్లో జవాబిస్తుంది. తాజా సోర్స్ కోడ్‌ను, దాన్ని రాసేవాళ్లు దాచే గిట్ నుంచి నేరుగా దించుకున్నాను. అలా దించినప్పుడు, ప్రోగ్రాంను మన కంప్యూటర్‌కు తగ్గట్టు సిద్ధం చేసే కాన్ఫిగర్ ఫైలు రాదు, మనమే తయారు చేసుకోవాలి. ఆ పద్ధతి రాసి ఉండే రీడ్‌మీ చదవకుండా తొందరపడ్డాను. పొద్దుటి పూటంతా ఎర్రర్లే.

ఈలోగా ఐదో బిన్నులో ధాన్యం గడ్డకట్టి కిందికి జారడం మానేసింది. లోపలికి దిగి గడ్డ పగలగొట్టడానికి హమాలీ యాదయ్య నడుముకు తాడు కట్టుకున్నాడు.

"ఏం సారూ, నీ డబ్బా లేసేటాలకు నేను దిగి, పగలగొట్టి, చాయ్ గూడ తాగొస్త సూడు" అంటూ నిచ్చెన ఎక్కాడు.

ఆ బిన్ను సెన్సర్ వైరును ఎలుకలు కొరికేశాయి. కోదాడ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ రమేష్ దాన్ని అప్పటికే పీకి నా కుర్చీ పక్కన చుట్టగా పడేశాడు. అందుకే సెట్టింగుల్లో నాలుగు బిన్నులే రాశాను.

ఎట్టకేలకు కోడ్ కంపైల్ అయి నడిచే ప్రోగ్రాంగా మారింది. కమాండ్ కొట్టాను. నాలుగు వరుసలు వచ్చాయి, అన్నీ మామూలు వేడే. కర్సర్ కాసేపు ఆగింది. తర్వాత ఇంకో వరుస వచ్చింది. ఐదో బిన్ను, డెబ్బై డిగ్రీలు.

"అదేంటండీ, వైరు ఇక్కడుంటే!" అంటూ రమేష్ తెరను ఫోటో తీశాడు.

నేను సెట్టింగులు మళ్లీ తెరిచి బిన్నులు లెక్కపెట్టసాగాను. నా వెనకే నిలబడి చూస్తున్న సేటు బయటికి ఉరికాడు.

"యాదయ్యా, దిగకు! ఆగు జర!"

"ఏంది సేటూ, ఒక కాలు పెట్టిన గద..."

"తియ్! కాలు తియ్యవయ్యా!"

బిన్నుకున్న పక్క తలుపు తెరిచారు. వేడి ఆవిరి, పుల్లటి ఘాటు ఒక్కసారిగా కొట్టాయి. ధాన్యం నల్లబడి ఉంది. బయట నిలబడ్డ మాకే ఊపిరాడలేదు. దిగి ఉంటే యాదయ్య పైకి వచ్చేవాడు కాదు.

పాత ఫైళ్లేవో మిగిలి ఉంటాయని అంతా చెరిపేసి, అదే కోడ్‌ను మళ్లీ దించి కంపైల్ చేశాను. నాలుగే వరుసలు. ఎన్నిసార్లు చేసినా నాలుగే. ప్రోగ్రాం రాసినవాళ్లను అడిగితే, సెట్టింగుల్లో లేని బిన్నును అది చూపే వీలే లేదన్నారు. రమేష్ ఫోటోలో మాత్రం ఐదు వరుసలున్నాయి. ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ క్షణంలో నాలా ఆలోచిస్తూ కూర్చోకుండా పరుగెత్తిన లక్ష్మయ్య సేటుకు, ఫోటో ఇచ్చిన రమేష్‌కు, ఇది రాయడానికి ఒప్పుకున్న యాదయ్యకు, నాకు చదువుకోవడానికి చోటిచ్చిన గ్రంథాలయం మనోహర్ గారికి కృతజ్ఞతలు. ఐదో వరుస రాసిందెవరో తెలిస్తే ఆ పేరూ ఇక్కడే రాసేవాణ్ణి.