గుండు చూసి కాదు, యాస విని

నిన్న తిరుపతి బస్టాండు మైకులో ఎవరో అమ్మాయి ‘చిత్తూరు’ అని చక్కగా పలికింది. నాకు మాత్రం పాతకాలం కండక్టరొకాయన గుర్తొచ్చాడు. ఖాకీ చొక్కా, చంకలో తోలుసంచి. మన ఈడు వాళ్లకు ఆ సంచి వాసన గుర్తుండే ఉంటుంది.

నాకప్పుడు అయిదేళ్లు. తిరుమలలో గుండు కొట్టించుకుని వస్తూ ఆ బస్టాండులోనే తప్పిపోయాను. ఎటు చూసినా చందనం పూసిన గుండ్లే. ఎవరి పిల్లోడో ఎలా తెలుస్తుంది? ఏడుస్తుంటే ఆ కండక్టరు పట్టుకున్నాడు.

“యా ఊరప్పా నీది?”

“మా ఊరే.”

“మీ నాయన పేరేంది?”

“నాయన.”

ఆయన నవ్వి, ఎదురుగా ఉన్న బస్సు బోర్డు చూపించి, “చిత్తూరు అను, సూద్దాం” అన్నాడు.

“సిత్తూరు.”

“ఓరినీ, మనోడివే! కోస్తావోళ్లయితే ఇట్ల అనరు.”

నన్ను భుజానికెత్తుకుని చిత్తూరు బస్సులన్నీ తిప్పాడు. మూడో బస్సు దగ్గర అమ్మ ఏడుస్తోంది.

“ఇంత జనంలో మావోడని ఎట్ల కనుక్కొన్నావప్పా?” అన్నాడు నాయన.

“గుండు సూస్తే తెలీలా. నోరు తెరిచి ‘సిత్తూరు’ అంటే తెలిసిపాయ.”

ఎంత చదివితే వస్తుంది ఆ తెలివి? నేను మూడో తరగతితో బడి మానేశాను. నా యాసకు నవ్వేవాళ్లు నవ్వుకోండి, నేను మార్చను.

ఆ రోజు తప్పిపోయినందుకు నాయన కొడతాడనే అనుకున్నాను. ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇల్లు చేరేదాకా “ఇంగోసారి అనురా” అని అడుగుతూనే ఉన్నాడు.