రెండు టీలు

పాత సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నేనడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు. నీలి గీతలు పడ్డాయి, అంటే చదివారు. ఆపైన దండాలు, మనవళ్ల ఫోటోలు వచ్చిపడి నా ప్రశ్న ఎక్కడికో పోయింది. ఏ పట్టికకైనా పనికొచ్చే ప్రోగ్రాం ముక్కను, అదే మెథడ్‌ను ఖమ్మంలో ఆ రోజుల్లోనే తాను రాశానని మా పెద్దసారు అందులో గొప్పగా పెట్టుకున్నాడు గనకనే అడిగాను.

రాసింది నేను. అప్పట్లో మణుగూరు వైపు ఒక దవాఖానాకు రోగుల జాబితా చూపే ప్రోగ్రాం తయారుచేస్తున్నాం. తెర మీద పేరు నొక్కితే పేర్ల వరుసలో, వయసు నొక్కితే వయసు వరుసలో రావాలి గనక, నొక్కినదానికి తగిన సూత్రాన్ని, అంటే ఎక్స్‌ప్రెషన్‌ను అప్పటికప్పుడు కట్టే మెథడ్ రాసి, అందులో రకం ముందే తేల్చకుండా రెండు ఖాళీలు వదిలాను: రోగులైనా మందులైనా సరే పట్టికకు ఇంగ్లీషు అక్షరం 'టీ' ఒకటి, నొక్కిన గడిలో ఉండేది అక్షరాలో అంకెలో, దానికి ఇంకో 'టీ'. పెద్దసారు తెరలోకి తొంగిచూశాడు.

"రెండు టీలెందుకు తమ్మీ? ఒక్కటి తాగితే సాలదా? నాకైతే చక్కెర తక్కువెయ్యమను."

గదంతా నవ్వింది. ఆయన రెండో టీ కొట్టేసి, ఏదైనా ఇముడుతుందని అక్కడ 'ఆబ్జెక్ట్' అనే ఉమ్మడి రకం పెట్టాడు. అందులో పేరు ఇముడుతుంది, అంకె ఉన్నదున్నట్టు ఇమడదు సార్ అని మొత్తుకున్నాను. దాన్ని దవాఖానాలో పెట్టడానికి వెళ్తూ మణుగూరు బస్సులో, అడవి దాటేదాకా మొత్తుకుంటూనే ఉన్నాను.

దవాఖానాలో పేర్లు చక్కగా వరుసకొచ్చాయి. డాక్టరమ్మ వయసు నొక్కింది. తెరంతా తప్పు చూపే ఎర్ర అక్షరాలతో నిండింది. పెద్దసారు నా వైపు వేలు చూపాడు.

"కొత్త పిలగాడు మేడం, ఏందో గెలికిండు. జల్దీ సరిజేపిస్త."

అక్కడే కూర్చుని రెండో టీ తిరిగి పెట్టాను, వయసులు వరుసకొచ్చాయి. తిరుగు బస్సులో, వైరా నుంచి వచ్చి మా ఆఫీసులోనే పనిచేసే అక్క మెల్లగా "అవ్ తమ్మీ, నువ్వన్నదే నిజం, గని ఇప్పుడు ఊకో" అంది. ఊకున్నాను. ఆ తర్వాత నన్నెప్పుడూ బయటి పనికి తీసుకుపోలేదు.

ఇప్పటి పిల్లలు మూడు టీలు, నాలుగు టీలు పెట్టి రాస్తున్నారు; ఎవరూ నవ్వరు, చక్కెర సంగతి ఎత్తరు. మంచిదే. ఆ నవ్వు మాత్రం ఒక్క నా చెవిలోనే మిగిలిపోయింది, కూర్చోనివ్వదు, మాటిమాటికీ లేచి ఫోను చూసుకుంటాను.

సారూ, అక్కా, మీరిద్దరూ గ్రూపులోనే ఉన్నారు. ఆ రోజు రెండో టీ కొట్టేసింది ఎవరు? ఖాళీ వదిలాను. పేరు నింపండి.