పడమటి సముద్రం దగ్గర సూర్యోదయం

మా బావగారు మా అక్కని తిట్టడం మానేశారని గమనించిన రోజున నాకు నిజంగా భయం వేసింది.

నలభై ఏళ్ళు దాటిన కాపురంలో ఆయన తిట్టు ఒక్కటే. "మతి ఉందా నీకు?" పులుసులో ఉప్పు ఎక్కువైనా అదే మాట, బస్సెక్కాక గొడుగు మర్చిపోయానన్నా అదే మాట, కొత్త చెప్పులతో గుడివాడ మార్కెట్టు బురదలో దిగినా అదే మాట. అందులో కోపం పాలు తక్కువ. మా అక్క కూడా దాన్నెప్పుడూ తిట్టుగా తీసుకోలేదు. "ఉందండీ, మీది కూడా నా దగ్గరే ఉంది" అని తిప్పికొట్టేది. అది అబద్ధమేమీ కాదు. రెండువైపుల చుట్టాలు, వాళ్ళ వరసలు, పెళ్ళిరోజులు, ఎవరికి ఏ కూర పడదో, అన్నీ అక్క బుర్రలోనే ఉండేవి. పెదపారుపూడి వైపు పొలం చేసుకున్నన్నాళ్ళూ బావగారు చేలను పట్టించుకున్నారు, మనుషుల సంగతి అక్క చూసుకుంది.

అలాంటి మనిషి పోయిన వానాకాలంలో కుక్కర్లో నీళ్ళు పోయకుండా బియ్యం పెట్టింది. ఇప్పుడే చెప్పిన మాట మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు కూరగాయలకి వెళ్ళి, ముప్ఫై ఏళ్ళుగా నడిచే దారిలో ఇల్లు ఎటో తెలియక మందుల షాపు మెట్ల మీద కూర్చుండిపోయింది. బావగారు విజయవాడలో డాక్టరుకి చూపించారు. ఆ రాత్రే నాకు ఫోను చేశారు.

"మెల్లిగా పెరిగే జబ్బంటమ్మా. మందులు వాడితే కొంచెం నిదానిస్తుందంట. మీ అక్కతో అనకు, తట్టుకోలేదు."

సరేనన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటా వంటా అందరికీ తెలుసు. బందరులో కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినన్నాళ్ళూ ప్రిన్సిపాల్ గారు రహస్యమైన కాగితాలు నా బల్లమీదకి పంపేవారు కాదు. అలాంటి నాకు ఇది అప్పజెప్పారు. మోయలేక మోశాను.

ప్రయాణం ఆలోచన బావగారిదే. "టీ తోటలు చూడాలని మీ అక్క పెళ్ళైన కొత్తలోనే అడిగింది. ఎప్పుడూ నాట్లో కోతలో అడ్డమొచ్చేవి. ఇప్పుడైనా చూపించకపోతే..." అని ఆగిపోయారు. 

విజయవాడలో ముగ్గురం రైలెక్కాం. ఆరు రోజుల ప్రయాణానికి ఏడు సంచులు. అందులో ఒకదాంట్లో రైస్ కుక్కరు, ఇంకోదాంట్లో సన్నబియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి. కేరళలో లావు బియ్యం పెడతారని బావగారికి ఎవరో చెప్పారు. మనిషి యుద్ధానికి సిద్ధమై వచ్చాడు. నా వంతు బందరు లడ్డు, హల్వా. అక్క పెడన కలంకారీ చీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

ఎదుటి సీట్లలో బంటుమిల్లి దంపతులు. ఇంకేం, అక్క మొదలుపెట్టింది. "మీదే ఊరండీ? ఎవరి తాలూకు? మీ పుట్టిల్లు ఎక్కడమ్మా?" మా వైపు ఇద్దరు మనుషులు రైల్లో ఎదురుపడితే తెనాలి దాటేలోపు చుట్టరికం తేలాలి. అక్క అందులో అందెవేసిన చెయ్యి. అయిదు నిమిషాల్లో ఆవిడ పిన్నత్తగారి ఊరిదాకా వచ్చింది. "అయితే మీరు మాకు వదినగారవుతారు. మా ఆడపడుచుని ఇచ్చింది కూడా ఆ ఊరే, అదే..." అని ఆగింది. ఊరు పేరు రాలేదు. నోరు తెరుచుకునే ఉంది. బావగారు పేపరు వెనకనుంచి తల ఎత్తకుండానే "చల్లపల్లి" అన్నారు, చాలా మెత్తగా. వెనకటి రోజులైతే "సొంత ఆడపడుచు ఊరు మర్చిపోయావ్, మతి ఉందా నీకు?" అని బోగీ అంతా వినబడేలా అనేవారు. అక్క ఆయన పేపరు వంకే చాలాసేపు చూసింది.

మున్నారు కొండలు ఎక్కుతుంటే చలి మొదలైంది. బావగారు తన మంకీ క్యాపు తీసి అక్కకి పెట్టారు. శాలువా కప్పారు, దానికి పిన్ను కూడా పెట్టారు. ప్రయాణమంతటికీ మాట్లాడుకున్న కారు డ్రైవరు "చేచి" అని ఏదో అడిగితే అక్క నోరు తెరిచేలోపే ఆయన జవాబిచ్చారు. చేచి అంటే అక్క అని తెలిసి మా అక్క మురిసిపోయింది గానీ, ఆ జవాబివ్వడం మాత్రం నచ్చలేదు. "నా బదులు మీరు మాట్లాడేస్తున్నారేంటండీ?" అంది. "చలికి గొంతు పట్టేస్తుందని" అన్నారాయన.

తోటల్ని నేను వర్ణించలేను. మేం చదును నేలమీద పుట్టినవాళ్ళం, మా కళ్ళకి ఎత్తంటే కాలవగట్టే. ఆకాశం దాకా దువ్విన పచ్చదనం చూసి నోటమాట రాలేదు. బావగారికి మాత్రం వచ్చింది. "ఇంత వాలుగా ఉంటే నీళ్ళు ఎలా నిలుస్తాయి?" అని మొదటి ప్రశ్న. టీ మొక్కని వదిలేస్తే ఇరవై, ముప్ఫై అడుగుల చెట్టవుతుందనీ, కత్తిరించి కత్తిరించి నడుము ఎత్తులోనే ఉంచుతారనీ డ్రైవరు చెప్పాడు.

"అయ్యో, చెట్టని దానికి తెలుసో లేదో" అంది అక్క.

అక్కడ రెండు రోజులున్నాం. కుక్కరు పెట్టగానే మా కాటేజీలో కరెంటు పోయింది. మేనేజరు టార్చిలైటుతో వచ్చి బియ్యం సంచీ వంక చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు, మర్యాదస్థుడు. ఆ రెండో రోజు సాయంత్రం నేనో తప్పు చేశాను. "మనం రేపు వెళ్ళేది ఏ ఊరే?" అని అక్క మూడోసారి అడిగింది. "ఎన్నిసార్లు చెప్పాలే, కొచ్చి, కొచ్చి!" అని అరిచాను. నా కోపం అక్క మీద కాదు, దాచమన్న బావగారి మీద, దాస్తున్న నా మీద. కానీ అరుపు తగిలింది అక్కకే. వింతేమిటంటే అక్క మొహంలో బాధ కనబడలేదు. హాయిగా నవ్వింది. "అబ్బ, ఒక్కదానివైనా మామూలుగా ఉన్నావ్" అంది. అప్పుడది నాకు అర్థం కాలేదు.

కొచ్చిలో మాకు ఊరు కొత్తగా అనిపించలేదు. పాత గోదాములు, డచ్చివాళ్ళ సమాధులు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, అన్నీ మా బందరులోనూ ఉన్నాయి. తేడా ఏమిటంటే ఇక్కడ ఓడలు ఇంకా వస్తున్నాయి. "మన ఊరికి డబ్బు, ఆరోగ్యం ఉంటే ఇలా ఉండేది" అన్నాను. బావగారు నన్ను ఆటపట్టించే అవకాశం వదల్లేదు. "మరదలా, మీ బందరు పోర్టు పూర్తయ్యేసరికి నీకు నూరేళ్ళు నిండుతాయి" అన్నారు.

హోటలు గదిలో కుక్కరు పెట్టకూడదన్నారు. గత్యంతరం లేక మీల్సు హోటలుకి వెళ్ళాం. అరిటాకుల్లో ఎర్రటి లావు అన్నం. ఒక్కో మెతుకూ విడిగా లెక్కకి వచ్చేటట్టుంది. వడ్డించే ఆయన యాభై ఏళ్ళ మనిషి, బకెట్టు, పెద్ద గరిటె పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. అక్క ఆకులో రెండు గరిటెలు వేసి, మూడోది గాల్లో ఉంచి, ఆవిడ మొహంలోకి చూసి అడిగాడు.

"మతియో?"

అక్క చెయ్యి ఆగిపోయింది. ఆయన ఇంకాస్త గట్టిగా అడిగాడు. "మతియో?"

బావగారు ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డారు. "ఏంటయ్యా? ఎవర్ని పట్టుకుని ఏం అడుగుతున్నావ్? మతి ఉందా అంటావా ఆవిణ్ణి? నీకు తెలుసా ఆవిడెవరో?" మొహం ఎర్రబడింది. హోటలంతా మా వంకే చూసింది. వడ్డించే ఆయనకి తెలుగు ముక్క రాదు. ఈ పెద్దమనిషికి అన్నం చాలక కోపమొచ్చిందనుకున్నాడు కాబోలు, కంగారుగా బావగారి ఆకులో వరసగా మూడు గరిటెలు దింపాడు.

పక్క బల్ల దగ్గర తింటున్న మా డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. తెలుగు టూరిస్టుల్ని తిప్పీ తిప్పీ అతనికి నాలుగు ముక్కలు వచ్చు. "సార్, సార్, మలయాళంలో మతి అంటే చాలు. అన్నం చాలా అని అడిగాడు."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా, పక్కటెముకలు పట్టుకుని నవ్వింది. ఏడాదిగా అలా నవ్వడం నేను చూడలేదు. బావగారు కూర్చుని, తల వంచుకుని, లావు అన్నం కొండంతా ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు. నవ్వడం అయ్యాక అక్క ఆయన్ని అలా చూస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున పెద్ద పెద్ద చీనా వలలు పైకి లేపడం చూస్తున్నాం. బావగారు కొబ్బరిబోండాలు తేవడానికి వెళ్ళారు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మీ బావగారికి అంత కోపం ఎందుకొచ్చిందే? ఆ మాట ఆయనదేగా. నన్ను అనడం మానేసి నాలుగు నెలలైంది. డాక్టరు ఏం చెప్పాడు?"

"ఆ చేపలు చూడవే, ఎంతెంత ఉన్నాయో" అన్నాను.

"నువ్వు కూడానా" అని అక్క నా చెయ్యి వదిలేసింది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తన బుర్రలో ఏం జరుగుతోందో తనకి తప్ప అందరికీ తెలుసు. ఆవిడ వంటింటి గుట్టు నాకు తెలిసి ఆవిడకి తెలియకపోవడం లాంటిదే అది. ఆ సాయంత్రం బావగారితో గట్టిగానే చెప్పాను. "రేపు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" ఆయన "రేపు అలప్పుళ వెళ్తున్నాంగా. ఎల్లుండి పొద్దున్నే బీచికి వెళ్దాం. పొద్దు పొడవగానే చెప్తాను" అన్నారు.

అన్నట్టే అలప్పుళలో తెల్లవారుజామున ఇద్దరినీ లేపారు. బీచిలో సముద్రానికి ఎదురుగా ముగ్గురం వరసగా నిలబడ్డాం. మంగినపూడి బీచిలో చిన్నప్పటినుంచీ ఎన్ని సూర్యోదయాలు చూశామో. కార్తీకమాసంలో స్నానాలకి వెళ్తే నీళ్ళలోంచి ఎర్రగా బంతిలా లేచేవాడు. అలాగే చూస్తున్నాం. బావగారు గొంతు సవరించుకుంటున్నారు. కాస్త వెలుగొచ్చింది. పడవలు కనబడుతున్నాయి. ఇంకా వెలుగొచ్చింది. సూర్యుడు మాత్రం రాడు. "మబ్బు పట్టినట్టుంది" అన్నారు బావగారు. "ఇక్కడ ఆలస్యమేమో" అన్నాను నేను, డిగ్రీ చదువుకున్నదాన్ని. నడకకి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోతున్నారు. బావగారికి చెమటలు పడుతున్నాయి. ఆయన చెప్పాలంటే పొద్దు పొడవాలి.

అప్పుడు అక్క వెనక్కి తిరిగింది. నడుం మీద చెయ్యి వేసుకుని, కొబ్బరిచెట్ల పైన బారెడెత్తు లేచి ఉన్న సూర్యుణ్ణి చూసి, మొగుడి వంక చూసింది.

"ఏవండీ, మతి ఉందా మీకు? పడమటి సముద్రంలో ఎక్కడైనా పొద్దు పొడుస్తుందా?"

ఇద్దరం వెనక్కి తిరిగాం. బావగారు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఇసకలో కూలబడి ఏడ్చేశారు. అక్క పక్కన కూర్చుంది. ఆయన డాక్టరు చెప్పిందంతా చెప్పారు, ఒక్క ముక్క దాచకుండా. అక్క ఊ కొడుతూ వింది.

"తెలుసండీ" అంది చివరికి. "మీరు తిట్టడం మానేసినప్పుడే తెలిసింది. మర్చిపోవడం కంటే మీ మర్యాద చూస్తేనే భయమేస్తోంది నాకు. పరాయివాళ్ళింట్లో ఉన్నట్టుంది. ఎన్ని మర్చిపోతే అన్నిసార్లు తిట్టండి. ఆ గొంతు వింటే ఇంట్లోనే ఉన్నానని తెలుస్తుంది."

"ఎలా తిట్టనే?"

"ఎప్పటిలాగే. ఏదీ, అనండి."

ఆయన అనబోయారు. గొంతు రాలేదు. "వినబళ్ళా" అంది అక్క. రెండోసారి వినబడింది. నేను సముద్రం వైపు తిరిగి, సూర్యుడు లేకపోయినా, దణ్ణం పెట్టుకున్నాను. మా ముగ్గురికీ దిక్కులు మరపించి ఆ పొద్దుటిపూటని ఇచ్చినవాడెవడో వాడికి. అంతకుమించి నేను దేవుణ్ణి ఏమీ అడిగింది లేదు, అడగను కూడా.

పోయిన ఆదివారం గుడివాడ వెళ్ళాను. అక్క మజ్జిగపులుసు చేసింది, తాలింపు రెండుసార్లు పెట్టింది. "మతి ఉందా నీకు?" అని బావగారు వసారాలోంచి కేక పెట్టారు. అక్క కిసుక్కున నవ్వి నా కంచంలో అన్నం పెడుతూ, గరిటె గాల్లో ఉంచి "మతియో?" అంది. వెంటనే ఆగి నా మొహంలోకి చూసింది.

"ఈ మాట మనకెక్కడిదే?"

బావగారు లోపలికి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టారు. రైలు, కుక్కరు, కొచ్చి హోటలు, మూడు గరిటెలు, పొడవని పొద్దు. మొదటిసారి చెప్తున్నట్టే చెప్పారు. అక్క మొదటిసారి వింటున్నట్టే విని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు అయ్యాక గరిటె ఇంకా తన చేతిలోనే ఉందని చూసుకుని, మళ్ళీ అడిగింది.

"మతి అక్కా, మతి" అన్నాను.