పాత సామాన్ల సంతలో ఆకుపచ్చ పెట్టె

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి అవ్వగానే నాన్న చెయ్యి పట్టుకుని, అనకాపల్లిలో రోడ్డు పక్కన పెట్టే పాత సామాన్ల సంతకి వెళ్లేదాన్ని. గోనెపట్టాల మీద తుప్పు పట్టిన తాళాలు, పిడి ఊడిన సుత్తులు... ఇంకో పక్క వైజాగ్‌లో వేలం పాడి తెచ్చిన మిలిటరీ సామాను. గరుకు కంబళ్లు, కాన్వాస్ సంచులు, మూతకి గొలుసున్న నీళ్ల సీసాలు. నేను ప్రతి సీసా మూతా తీసి వాసన చూసేదాన్ని... ఏ యుద్ధం నుంచి వచ్చిందో అని!

నాన్న వడ్రంగి. నేను అయిదో తరగతిలో ఉండగా, పరవాడలో పని ముగించుకుని వస్తుంటే, బస్సు టాపు మీద వేసిన ఆయన పనిముట్ల సంచి ఎవరో పట్టుకుపోయారు. తాతయ్య వాడిన ఉలులు కూడా అందులోనే...

కొత్తవి కొనే వీలు లేదు. నెల రోజులు మార్కెట్లో బెల్లం దిమ్మలు మోశారు. సాయంత్రం అమ్మ ఆయన భుజానికి కాపడం పెడుతుంటే గోడకేసి చూస్తూ కూర్చునేవారు. మాట లేదు. నాకు భయమేసేది.

ఒక ఆదివారం అమ్మే బలవంతంగా పంపింది. "ఊరికే సూసి రండి... సూత్తే పోయిందేటి?"

సంత చివర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ముందు ఆకుపచ్చ రంగు మిలిటరీ పెట్టె, మూత మీద తెల్లరంగుతో రాసిన నంబర్లు. నేనే వంగి చూశాను. చెక్కని నున్నగా చేసే చిత్రికలు, ఉలులు, రంపాలు... ఒక్కొక్కటీ నూనె రాసి గుడ్డలో చుట్టి ఉన్నాయి! "నాన్నా, ఇటు రా!" అని అరిచాను.

నాన్న ఒక చిత్రిక తీసి, దాని అడుగు బొటనవేలితో నిమిరారు... మళ్లీ లోపల పెట్టేశారు. "మనవల్ల కాదమ్మడూ, పద."

ముసలమ్మ ఊరుకోలేదు. "ఆగు బాబూ. నువ్వు వడ్రంగి పని సేత్తావా?"

"సేసేవోణ్ణమ్మా. నా సామాను పోయింది."

"మా ఆయన మిలిటరీలో ఇదే పని సేసేడు. పొద్దున్నించీ ఇనప సామానోళ్లు తూకానికి ఇమ్మంటన్నారు. నానైతే ఇవ్వను. పని తెలిసినోడికే ఇత్తాను. ఏదీ, ఓ సెక్క సిత్రిక పట్టి సూపించు."

పక్క దుకాణమాయన ఓ చెక్క అందించాడు. నాన్న చర్చికి వేసుకున్న తెల్లచొక్కా చేతులు మడిచి, చెక్కని ఆ పెట్టె మీదే ఆనించి, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తర్వాత చిత్రిక పట్టారు. సర్రున... పొట్టు రిబ్బనులా చుట్టలు తిరుగుతూ లేచింది.

ముసలమ్మ ఆ పొట్టు కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఆయన సొక్కా ఇదే వాసనొచ్చేది బాబూ..." అంది మెల్లగా.

పెట్టె మూత వేసి నాన్న వైపు తోసింది. "మా తలుపు వానకి ఉబ్బిపోయింది, మూతపడదు. అది బాగుసేసి ఇది పట్టుకెళ్లిపో."

"ఇంత సామానుకి తలుపొకటేనా అమ్మా?" నాన్న పెట్టె మీద చెయ్యి వేసి అడిగారు.

"పనిలో ఉంటే సాలు. మూలనెడితే తుప్పట్టిపోతాది."

అప్పటికప్పుడే ఆ మామ్మ ఇంటికి వెళ్లాం. తలుపుతో ఆగలేదు నాన్న... కిటికీలు, ఊగిపోతున్న మంచం కోడు, అన్నీ సరిచేశారు. మామ్మ నాకు మరమరాలు పెట్టింది. రిక్షాలో పెట్టె వేసుకుని వస్తూ నాన్న దారంతా మాట్లాడుతూనే ఉన్నారు... నెల రోజుల మాటలన్నీ ఒక్కసారే!

ఆ పనిముట్లతోనే మా ఇల్లు నిలబడింది. నేనూ తమ్ముడూ చదువుకున్నాం. మామ్మ ఉన్నన్నాళ్లూ క్రిస్మస్ కేకు మొదటి ముక్క ఆవిడ ఇంటికే వెళ్లేది. ఇప్పటికీ మా ఇంటి ప్రార్థనలో ఆవిడ పేరు తలుచుకుంటాం.

ఇప్పుడు ఆ సంత లేదు. ఏ వస్తువు కావాలన్నా ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది. సుఖమే... కానీ ఇచ్చిన మనిషి ముఖం మాత్రం కనిపించదు.

మీ ఇంటిని అలా నిలబెట్టిన పరాయి మనిషి ఎవరైనా ఉన్నారా? వాళ్ల గురించి రెండు మాటలు రాయండి... చదవాలని ఉంది.