మూడు చొక్కాల్లో ఎనిమిది గురువారాలు

మీట నొక్కితే గోడ బయటికి నడుస్తుందని ఖతర్ వచ్చేదాకా నాకు తెలియదు. మా యజమాని కారవాన్‌లో, అంటే చక్రాల ఇంట్లో, ఒక పక్క అలాంటి గోడే ఉంది. బీరువా సొరుగు లాగినట్టు బయటికి జరుగుతుంది, లోపల ఒక మంచం పట్టేంత చోటు పుడుతుంది. దాన్ని స్లైడ్ అంటారు. చలికాలం మొదలవగానే కారవాన్‌ను సీలైన్ సముద్రతీరం దాటాక ఎడారిలో నిలబెడతారు. మళ్ళీ ఎండలు ముదిరేదాకా అది అక్కడే ఉంటుంది. దానితో పాటు నేనూ.

నేను హౌస్ డ్రైవర్ని. బండి కదలనప్పుడు డ్రైవర్ ఏం చేయాలో వీసాలో రాయరు కాబట్టి బాబా, అంటే మా యజమాని, తానే చెప్పాడు. బండి నెలల తరబడి ఒక్కచోటే ఉంటే స్లైడ్ చుట్టూ ఉన్న రబ్బరు అణిగిపోయి గట్టిపడుతుంది. అందుకని ప్రతి గురువారం నిచ్చెనెక్కి స్లైడ్ కప్పు మీది ఇసుక ఊడ్చాలి. రబ్బరు తడిగుడ్డతో తుడిచి, దాన్ని మెత్తగా ఉంచే స్ప్రే కొట్టాలి. గ్రీజు మాత్రం పూయకూడదు, ఇసుకకు అదంటే ప్రాణం. చివర్లో స్లైడ్‌ను ఒకసారి పూర్తిగా లోపలికి తెచ్చి మళ్ళీ బయటికి పంపాలి. ఇదంతా చేసినట్టు వీడియో తీసి పంపాలి.

పని గంటసేపే. కానీ ఆ స్లైడ్‌లో ఉన్న మంచం బాబా వాళ్ళమ్మది. స్లైడ్ లోపలికి రావాలంటే ముందు ఆమె దిండ్లు, మందుల డబ్బా, దుప్పట్లు, చేతికర్ర, అన్నీ తీయాలి. ఆమె చిరాకు పడేది కాదు గానీ, బయట కుర్చీలో కూర్చుని నాకు లెక్కలేనన్ని సలహాలిచ్చేది. రెండో గురువారానికే నాకు విసుగొచ్చింది.

అందుకే ఆ రోజు ఒక్కసారే ఎనిమిది వీడియోలు తీశాను. నాకున్న మూడు చొక్కాలూ వంతులవారీగా మార్చాను. ఒక దాంట్లో టోపీ పెట్టుకున్నాను, ఒక దాంట్లో చలేసినట్టు నటించాను. తర్వాత ప్రతి గురువారం ఒకటి పంపేవాణ్ణి. బాబా నుంచి బొటనవేలు బొమ్మ వచ్చేది. అంత శ్రద్ధగా నేను డ్యూటీ కూడా ఎప్పుడూ చేయలేదు.

క్యాంపులో వారమంతా ఉండేది ముగ్గురమే. ఆ పెద్దావిడ, నేను, ఆమెను చూసుకుంటూ వంట చేసే రాయచోటి అక్క. మిగతా కుటుంబం ఐన్ ఖాలిద్‌లోని ఇంటి నుంచి వారాంతాల్లో వచ్చేది. పెద్దావిడను ఎదురుగా యుమ్మా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్ళం, మాలో మేం అవ్వ అనుకునేవాళ్ళం. ఆ స్లైడ్ కిటికీలోంచి పొద్దు పొడవడం చూడడానికే తాను చలికాలం కోసం కాచుకుంటానని అవ్వ అక్కతో అన్నదట.

పొగమంచు రోజులు మొదలయ్యాయి. ఒక పొద్దున అక్క దుప్పట్లు ఆరేస్తూ కనిపించింది.

"ఏందక్కా, నిన్ననే ఉతికినవ్ గదా?"

"అవ్వ పక్క తడిసింది లే. గమ్మునుండు, ఎవరికీ చెప్పాకు. వయసైపోయినాక అట్లే అయితాది."

వాన పడలేదు. అవ్వ తెల్లారుజామున నమాజుకు లేచి వచ్చేసరికి పరుపు తడిగా ఉందట. మరి ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది.

"ఇగ ఖతర్ల నీళ్ళకు కరువు లేనట్టే," అన్నాను.

అక్క నవ్వలేదు. చేతిలోని దుప్పటిని ఒకసారి గట్టిగా దులిపింది. ఆ చినుకులు నా ముఖం మీద పడ్డాయి.

నాలుగు రోజుల తర్వాత, అవ్వ నమాజులో ఉండగా, చార్జర్ కోసం లోపలికెళ్ళాను. బయట పొగమంచుకు పక్కనున్న నీళ్ళ ట్యాంకు కూడా కనపడడం లేదు. మంచం పైన, స్లైడ్ వచ్చి కారవాన్‌కు అతుక్కునే చోట, ఒక నీటిబొట్టు వేలాడుతోంది. అది లావై, ఆలోచించి, సరిగ్గా పరుపు మధ్యలో పడింది. ఇంకోటి తయారైంది, ఫోన్‌తో దాన్ని ఫోటో తీశాను. చెయ్యి చాపాను. అరచేతిలో పడింది. చల్లగా ఉంది.

నిచ్చెనెక్కి చూశాను. ఆరు వారాల ఇసుక స్లైడ్ కప్పు మీద కట్టలా పేరుకుని ఉంది. మంచు నీళ్ళు జారిపోకుండా ఆ బురదలో నిలిచి, బిరుసెక్కిన రబ్బరు సందుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. ఇసుక ఊడ్చాను, రబ్బరు తుడిచాను. మీట నొక్కితే స్లైడ్ మూలిగి, జానెడు కదిలి, ఆగిపోయింది. భయపడి మళ్ళీ బయటికి నెట్టేశాను. లోపల టేపు అంటించాను. మరుసటి పొద్దుటికి టేపు కూడా తడిసి పరుపు మీద పడింది.

చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే ఎనిమిది వీడియోలూ చెప్పాలి. రేపు చెబుదాం అనుకున్నాను. నా రేపులు చాలా పొడుగ్గా ఉంటాయి.

"అబ్బీ," అంది అక్క ఒక రోజు ఉల్లిగడ్డలు కోస్తూ, "అవ్వ మాయిటాల చాయ్ తాగడం మానేసింది. పొద్దు గూకినాక నీళ్ళు గూడా ముట్టల్యా. అడిగితే కడుపులో బాగల్యా అంటాది."

నేను ఉల్లిగడ్డల వైపు నిల్చున్నాను. కళ్ళకు సాకు దొరికింది.

ఆ గురువారం కుటుంబం రాకముందే, మధ్యాహ్నం, అవ్వ తనను ఇంటికి తీసుకెళ్ళమంది. ఈ ఏటికి క్యాంపు చాలట. కారు తలుపు తీశాను. ఆమె ఎక్కే ముందు సంచిలోంచి పాత తువ్వాలు తీసింది. నాలుగు మడతలు వేసి సీటు మీద పరిచింది. దాని మీద కూర్చుంది. అద్దంలో నా కళ్ళు కనపడగానే ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

దారిలో కరక్ చాయ్ కొట్టు దగ్గర ఎప్పుడూ ఆగుతాం. హారన్ కొడితే చాయ్ కారు దగ్గరికే వస్తుంది. అవ్వ ఎప్పుడూ రెండు చెప్పేది, ఒకటి తనకు, ఒకటి నాకు. ఆ రోజు ఒక్కటే చెప్పింది. వచ్చాక నాకిచ్చింది.

కప్పు పక్కన పెట్టాను. వెనక్కి తిరిగాను. నాకొచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకుని అన్నాను: "యుమ్మా, ఇంతి మాఫీ ముష్కిల్. ఆనా ముష్కిల్."

నీలో లోపం లేదు, లోపం నాదే అని నా ఉద్దేశం. ఆమెకు అర్థం కాలేదు. ఫోన్ తీసి నీటిబొట్టు ఫోటో చూపించాను. వేలితో పైనుంచి పరుపు దాకా గీత గీశాను. తర్వాత ఎనిమిది వీడియోలూ ఒకదాని తర్వాత ఒకటి చూపించాను. ఆమె అన్నీ ఓపికగా చూసింది. వెనకాల ట్యాంకు మీద పడుకున్న పిల్లి అన్నింట్లోనూ ఉంది.

"ఈ పిల్లి చచ్చిపోయిందా?" అని అడిగింది. "ఎనిమిది వారాలు కదల్లేదు."

తల అడ్డంగా ఊపాను. ఆమె నవ్వలేదు. చేతికర్రతో వెనక్కి, క్యాంపు వైపు చూపించింది. "తిప్పు," అంది. కారును. "నా కొడుక్కు నువ్వే చెప్పు. అందరూ ఉన్నప్పుడు."

అందరూ అంటే కొడుకులు, కోడళ్ళు, మనవలు, కలిపి పదకొండు మంది. ఆ రాత్రి క్యాంపులో మంట చుట్టూ కూర్చున్నారు. నిలబడి చెప్పాను. మొదట్లో చొక్కాల సంగతి కాస్త నవ్వొచ్చేలా చెప్పబోయాను, అలవాటు. ఎవరూ నవ్వకపోయేసరికి మిగతాది మామూలుగా చెప్పేశాను. ఒక కోడలు తల వంచుకుంది, తానూ అవ్వ గురించి అదే అనుకుందేమో.

బాబా వీడియోల గురించి అడగలేదు. ఒక్కటే అడిగాడు. "నీళ్ళు పైనుంచి వస్తున్నాయని ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండు రోజులైంది, బాబా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మంటలోకి ఒక కట్టె జరిపాడు, అంతే. అవ్వ అక్కను పిలిచి చాయ్ అడిగింది. అందరి ముందూ తాగింది. ఇంకో కప్పు పోయించుకుంది.

మరునాడు బాబా, నేను కలిసి స్లైడ్ అంచంతా కడిగాం. అది జరిగే పట్టాల్లోంచి బకెట్టు ఇసుక తీశాం. నాలుగుసార్లు లోపలికీ బయటికీ నడిపితే రబ్బరు కాస్త మెత్తబడింది. ఇక వీడియోలు పంపొద్దన్నాడు. నమ్మకమా, విసుగా అని అడిగే ముఖం నాకు లేదు.

అవ్వ క్యాంపులోనే ఉండిపోయింది. పై గురువారం నేను నిచ్చెన వేస్తుంటే కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. తుడవడానికి గుడ్డ వెతుక్కుంటున్నాను. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఆ తువ్వాలు తీసి నాకందించింది, నాలుగు మడతలతోనే.

ప్రతి గురువారం దాంతోనే తుడుస్తున్నాను. చిరిగితే మార్చొచ్చు. మంచి గుడ్డ, ఇంకా చిరగలేదు.