మామగారి మీసం మీద పనస బంక

మార్కాపురం ప్రాంతం మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులవి. రాజమండ్రి వైపు నుంచి తర్లుపాడుకు కొత్తగా కాపురానికి వచ్చాను. మా నాన్న రైల్లో పనసపండు పంపారు. ఆ ఊళ్లో దాన్ని కోసినవాళ్లెవరూ లేరు. మామగారే కొడవలి పట్టుకుని కూర్చున్నారు. చేతులకు, కొడవలికి నూనె రాసుకోవాలని నాకు తెలుసు. కానీ కొత్త కోడలు మామగారి ఎదుట నోరు విప్పడం ఆ ఇంట్లో లేదు. తలుపు చాటున నిలబడి చూశాను.

తొనలు బయటపడగానే ఆయన సంబరంగా మీసం దువ్వారు. అంటుకున్న బంక నీళ్లతో కడిగేసరికి ఇంకా బిగిసింది. తెల్లవారాక మంగలి వచ్చి మీసం మొత్తం తీసేశాడు.

తల్లో తండ్రో పోతేనే మగవాళ్లు మీసం తీసే కాలం. ఆయన్ని చూసి వీధిలో ఆడవాళ్లంతా ఏడుస్తూ వచ్చారు.

"అవ్వ ఎప్పుడు పోయింది నాయనా?"

మామగారి తల్లి వసారాలో కూర్చుని తొనలు తింటోంది. "యాడికీ పోలేదు. రాండి, మీరూ తినండి" అంది.

సాయంత్రం ఆవిడకు నూనె సంగతి చెప్పాను.

"తెలిసి గూడా ఊరకున్నావా? ఇంకో పండొస్తే నోరు తెరువు తల్లీ. నన్ను మళ్లీ సంపొద్దు" అంది.